సార్ట్ కార్డులోకి సెట్ వేరియబుల్ వెళ్తుందా? అపోహలు – వాస్తవాలు

"అన్నా, జాబ్ గ్రీన్‌గానే ఉంది. రిటర్న్ కోడ్ సున్నా. ఫైల్ మాత్రం ఖాళీగా వచ్చింది. ఇన్‌పుట్‌లో డేటా ఉంది, చూశాను." మెయిన్‌ఫ్రేమ్ బ్యాచ్ సపోర్టులో (వరుసగా నడిచే జాబ్‌లను చూసుకునే పని) కొత్తగా చేరిన పిల్లల నుంచి నాకు అర్ధరాత్రి వచ్చే మెసేజ్ దాదాపు ఎప్పుడూ ఇదే. కారణం కూడా చాలాసార్లు ఒకటే. అందుకే దాన్నే ముందు చెప్తాను.

అపోహ: జేసీఎల్‌లో (జాబ్ ఎలా నడపాలో మెయిన్‌ఫ్రేమ్‌కు చెప్పే భాష) వేరియబుల్ సెట్ చేస్తే చాలు, సిస్‌ఇన్‌లో (ప్రోగ్రాముకు ఆదేశాలు అందించే చోటు) విలువ దానంతటదే వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. సెట్ ఇచ్చిన విలువ మామూలుగా మారేది ఎగ్జిక్ (ఏ ప్రోగ్రాము నడవాలో చెప్పేది), డీడీ (ఏ ఫైల్ వాడాలో చెప్పేది) లాంటి జేసీఎల్ స్టేట్‌మెంట్లలోనే. డీడీ స్టార్ (డేటా కిందే ఉందని చెప్పే డీడీ) కింద రాసిన సార్ట్ కార్డు (సార్ట్ ప్రోగ్రాముకు ఇచ్చే ఆదేశాలు) జేసీఎల్ కాదు, డేటా. పోస్ట్‌మ్యాన్ కవరు మీద అడ్రస్ చదువుతాడు, లోపలి ఉత్తరం చదవడు కదా, జేసీఎల్ కూడా అంతే. ఏ రికార్డులు ఉంచాలో చెప్పే ఇన్‌క్లూడ్ కండిషన్‌లో సి'&రన్‌డీటీ' అని రాస్తే సార్ట్ ప్రతి రికార్డునూ తేదీతో కాదు, ఆంపర్‌శాండ్‌తో మొదలయ్యే ఆ అక్షరాలతోనే పోలుస్తుంది. అలాంటి రికార్డు ఒక్కటీ ఉండదు. సార్ట్ లెక్కలో అది తప్పూ కాదు, కాబట్టి సున్నా కోడ్‌తో హాయిగా ముగుస్తుంది. కోట్స్ లేకుండా రాసి ఉంటే కనీసం సింటాక్స్ ఎర్రర్‌తో రిటర్న్ కోడ్ 16 వచ్చి జాబ్ ఆగేది, నష్టం అక్కడితో పోయేది.

ఒక ప్రాజెక్టులో ఇలా వచ్చిన ఖాళీ ఫైల్‌ను తర్వాతి జాబ్ "ఈరోజు లావాదేవీలు లేవు" అని తీసుకుని సున్నాల రిపోర్టు పంపేసింది. షిఫ్టులో ఉన్న అమ్మాయిని అందరూ "డేటా ఇష్యూ చూడు" అంటూ తరిమారు. పాపం, తెల్లారేదాకా ఇన్‌పుట్ ఫైల్ తిరగేస్తూనే ఉంది. సిస్అవుట్‌లో (ప్రోగ్రాము మెసేజ్‌లు వచ్చే చోటు) రికార్డుల లెక్క చెప్పే ఐసీఈ054ఐ మెసేజ్‌లో ఇన్ లక్షల్లో, అవుట్ సున్నా అని స్పష్టంగా ఉంది. అది చూశాక ఆమెను అడగాల్సింది ఇన్‌పుట్ గురించి కాదు, కండిషన్ గురించి. కొత్తవాళ్లూ, మీకు ఇలా జరిగితే కంగారు పడకండి. ముందు ఆ లైను చూడండి, తర్వాత కార్డు చూడండి.

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో కూడా తెలుసు. కంట్రోల్-ఎం లాంటి షెడ్యూలర్ (జాబ్‌లను వేళకు నడిపే సాఫ్ట్‌వేర్) శాతం గుర్తులతో మొదలయ్యే తన వేరియబుల్‌ను జాబ్ సబ్మిట్ చేసే ముందే మార్చేస్తుంది. సిస్‌ఇన్‌లో ఉన్నా వదలదు. ప్రొడక్షన్‌లో అది చూసినవాళ్లు "సిస్‌ఇన్‌లో వేరియబుల్ పనిచేస్తుంది" అని నోట్సులో రాసుకున్నారు. ఆ నోట్సు జిరాక్సులు అమీర్‌పేటలో చేతులు మారుతూనే ఉన్నాయి. అదే జేసీఎల్‌ను ఐఎస్‌పీఎఫ్ (మెయిన్‌ఫ్రేమ్‌లో మనం పనిచేసే ఎడిటర్ స్క్రీన్) నుంచి చేత్తో సబ్మిట్ చేసి చూడండి, శాతం గుర్తులు అలాగే మిగులుతాయి. మార్చింది షెడ్యూలర్, జేసీఎల్ కాదు.

మరి దారి ఏమిటి? రెండున్నాయి. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ 2.1 (2013) నుంచి ఎక్స్‌పోర్ట్ సిమ్‌లిస్ట్‌లో వేరియబుల్ పేరిచ్చి, సిస్‌ఇన్ డీడీ స్టార్ పక్కన సింబల్స్=జేసీఎల్ఓన్లీ రాస్తే విలువ లోపలికి వెళ్తుంది. ఎక్స్‌పోర్ట్ మాత్రం సెట్ కంటే ముందు ఉండాలి. వెనక రాసి "2.1లో కూడా పనిచేయట్లేదు" అని వాదించేవాళ్లతో నాకు ఓపిక పోయింది. జేసీఎల్ఓన్లీ పక్కన ఒక డీడీ పేరు కూడా ఇస్తే ఏ లైను ఏమైందో లాగ్ వస్తుంది. మొదటిసారి నడిపేటప్పుడు తప్పక పెట్టుకోండి.

రెండోది డీఎఫ్‌సార్ట్ (ఐబీఎం సార్ట్ ప్రోగ్రాము) సొంత దారి, నాకు ఇదే ఇష్టం. ఎగ్జిక్‌లో, ప్రోగ్రాముకు విలువ అందించే పార్మ్='జేపీ1"&రన్‌డీటీ"' అని ఇచ్చి, కండిషన్‌లో సి కోట్స్ లేకుండా ఉత్త జేపీ1 అని రాయాలి. జేపీ0 నుంచి జేపీ9 దాకా పది ఉన్నాయి. సి'జేపీ1' అని రాశారా, మళ్లీ అదే ఖాళీ ఫైల్!

అపోహ: కార్డు పీడీఎస్ మెంబర్‌లో (లైబ్రరీలోని విడి ఫైల్) ఉన్నా సింబల్స్ పెడితే మారుతుంది.

మారదు. అది ఇన్‌స్ట్రీమ్ డేటాకే, అంటే జేసీఎల్ లోపలే రాసిన డేటాకే. మెంబర్‌లో కార్డులుంచే షాపుల్లో (మెయిన్‌ఫ్రేమ్ వాడే కంపెనీల్లో) జేపీ వాడండి, ఆ మార్పు సార్టే చేసుకుంటుంది.

అపోహ: పార్మ్‌లో సింగిల్ కోట్స్ మధ్య వేరియబుల్ మారదు.

మారుతుంది. పార్మ్ మొత్తం 100 అక్షరాలు దాటకుండా చూసుకోండి, చాలు.

అపోహ: డేట్1 ఉండగా ఈ తంటా ఎందుకు?

డేట్1 ఇచ్చేది జాబ్ నడిచిన రోజు తేదీ, బిజినెస్ తేదీ (లావాదేవీలు ఏ రోజువో ఆ తేదీ) కాదు. రాత్రి పదకొండున్నరకు రావాల్సిన జాబ్ పన్నెండు దాటాక మొదలైతే తేదీ మారిపోతుంది. శుక్రవారం జాబ్‌ను సోమవారం రీరన్ చేస్తే డేట్1-1 (ముందు రోజు తేదీ) ఆదివారాన్ని వెతుకుతుంది. రీరన్ అయ్యే ప్రతి జాబ్‌కూ తేదీ బయటి నుంచే ఇవ్వండి.

ఇక ఖాళీ ఫైల్ రాకూడని ప్రతి సార్ట్ స్టెప్‌లోనూ ఆప్షన్ స్టేట్‌మెంట్‌లో నల్‌అవుట్=ఆర్‌సీ16 (ఫైల్ ఖాళీ అయితే రిటర్న్ కోడ్ 16 ఇవ్వమని) పెట్టండి, అవుట్‌పుట్‌ను విడి ఫైళ్లకు రాసే అవుట్‌ఫిల్ వాడితే నల్‌ఓఎఫ్ఎల్=ఆర్‌సీ16. మామూలుగా ఇవి ఆర్‌సీ0 మీదే ఉంటాయి. మీ షాపులో పాత జాబ్‌లు ఎన్నిటికి ఇది లేదో ఈ వారమే వెతికి చూడండి.