లెక్కలోకి రాని సముద్రం

మడ అడవి బురదలో కాలు దిగబడి, పైకి తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. ఆ బురదలో ఆక్సిజన్ లేదనడానికి అదే గుర్తు. ఆక్సిజన్ లేనిచోట రాలిన ఆకులు, చచ్చిన వేర్లు ఒక పట్టాన కుళ్లవు. పోటుతో వచ్చిన ఒండ్రు వేర్ల మధ్య చిక్కుకుని వాటిని కప్పేస్తుంది. ఏటేటా పొర మీద పొర. చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్ అలా వందల ఏళ్లు, కొన్నిచోట్ల వేల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. అదే నేలను తవ్వి చెరువు చేస్తే, గాలి తగిలి చాలావరకు మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోతుంది.

ఈ బురదలోని కార్బన్‌ను ఎలా లెక్కగట్టాలో దేశాలకు వివరంగా చెప్పే పద్ధతిని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్ర బృందం ఐపీసీసీ ఖరారు చేసింది 2013లో. అప్పటికే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం పుట్టి 21 ఏళ్లయింది.

మొదట్లో శాస్త్రవేత్తల్లోనే ఒక ధీమా ఉండేది, మనం ఎంత పొగ వదిలినా సముద్రం మింగేస్తుందని. 1957లో రోజర్ రెవెల్, హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్తలు ఆ ధీమాకు గండికొట్టారు. నీటి రసాయన గుణం వల్ల సముద్రం అనుకున్నంత సులువుగా కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోలేదని చూపించారు. మరుసటి ఏడాది హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ డేవిడ్ కీలింగ్ గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పట్లో గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

అలాగని సముద్రం తక్కువేమీ మోయలేదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు, అదనంగా పోగైన వేడిలో 90 శాతానికి పైగా దాంట్లోకే పోయాయి. దానికి మూల్యం కూడా అదే చెల్లిస్తోంది. ఆమ్లతను చెప్పే కొలత పీహెచ్; అది తగ్గితే ఆమ్లత పెరిగినట్టు. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్న పైనీటి పీహెచ్ సుమారు 8.1కి దిగింది. అంకెల్లో చిన్నగా కనిపించే ఈ తేడా అర్థం, ఆమ్లత పాతిక శాతానికి పైనే పెరిగిందని. ఇలాంటి నీళ్లలో గుల్లలకు పెంకు కట్టుకోవడం, పగడాలకు దిబ్బ పెంచుకోవడం కష్టమవుతుంది.

1992 ఒప్పందంలో సముద్రాల పేరు ఉంది, కానీ ఉందంటే ఉంది. ఉద్గారాలు తగ్గించుకోవడానికి 1997లో కుదిరిన క్యోటో ఒప్పందం లెక్కల్లో నేల మీది అడవులకు చోటు దక్కింది గానీ సముద్రం అడుగున పెరిగే గడ్డికి దక్కలేదు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే రొయ్యల చెరువుల కోసం, రేవుల కోసం మడ అడవులను నరికేశారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టే భాగం ఇదే. పోయిందెంతో రాసిపెట్టుకునే పుస్తకం కూడా అప్పటికి లేదు.

ఆ రోజుల్లో సముద్రం మీద వేరే రకం ఆశ ఉండేది: నీళ్లలో ఇనుము చల్లి నాచు పెంచితే, అది గాలిలోని కార్బన్‌ను లాగేసి భూమిని చల్లబరుస్తుందని. ‘సగం ట్యాంకర్ ఇనుము ఇవ్వండి, మంచు యుగం తెచ్చిస్తా’ అని సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1988లో అన్న మాట అందరి నోళ్లలో నానింది. ఇనుము చల్లితే నాచు పెరిగిన మాట నిజమే. కానీ అది తీసుకున్న కార్బన్ లోతుకు చేరి అక్కడే నిలుస్తుందన్న భరోసా దొరకలేదు. పరిశోధనకు తప్ప ఆ పని చేయొద్దని 2008లో, సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే లండన్ ఒప్పంద దేశాలు తీర్మానించాయి.

2009లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నివేదికతో ‘బ్లూ కార్బన్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. కార్బన్‌ను దాచుకునే మడ అడవులు, ఉప్పునీటి చిత్తడి నేలలు, సముద్రపు గడ్డి మూడూ ఈ ఒక్క పేరు కిందికి చేరాయి.

పోయినదాన్ని తిరిగి తేవచ్చనడానికి అమెరికాలోని వర్జీనియా తీరం సాక్ష్యం. అక్కడి సముద్రపు గడ్డి 1930ల్లో తెగులుతో, 1933 తుపానుతో తుడిచిపెట్టుకుపోయింది. దాంతోపాటు స్కాలప్ గుల్లలూ పోయాయి. దశాబ్దాల తర్వాత శాస్త్రవేత్తలు, వాలంటీర్లు వేరేచోట గింజలున్న కాడలు కోసుకొచ్చి, తొట్లలో ఉంచి, గింజలు వేరుచేసి, పడవల మీంచి చల్లారు. సుమారు రెండు దశాబ్దాల్లో ఏడు కోట్లకు పైగా గింజలు. చల్లింది 200 హెక్టార్లలో, గడ్డి తనంతట తాను పాకింది మాత్రం దాదాపు 3,600 హెక్టార్లకు. అక్కడి నీళ్లు తేటగా ఉండబట్టే ఇది సాధ్యమైంది. మడ ఎప్పుడూ పెరగని చోట మొక్కలు నాటి ఫొటోలు దిగిన చాలా పథకాలకు ఈ ఫలితం రాలేదు. ముందు నీటి దారి సరిచేయాలి, మొక్క సంగతి ఆ తర్వాత.

ఆ మధ్యలో చట్టాలూ కదిలాయి. 2030 నాటికి సముద్రాల్లో 30 శాతాన్ని కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో దేశాలు ఒప్పుకున్నాయి. ఏ దేశానికీ చెందని సముద్రాల కోసం 2023లో చేసుకున్న ఒప్పందం 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది.

అయితే గీత గీసి కాపాడినా వేడి ఆగదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే ప్రపంచ వారసత్వ ప్రాంతం. అయినా 2010-11లో సముద్రపు నీరు మామూలు కంటే బాగా వేడెక్కడంతో అక్కడి గడ్డిలో మూడో వంతుకు పైగా దెబ్బతింది, దాచుకున్న కార్బన్‌లో కొంత మళ్లీ గాలిలో కలిసింది. అందుకే చిన్న ద్వీప దేశాలు అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ తలుపు తట్టాయి. మనుషులు గాలిలోకి వదిలే గ్రీన్‌హౌస్ వాయువులు కూడా సముద్ర కాలుష్యమేనని, దాన్ని అరికట్టే బాధ్యత దేశాలదేనని ఆ ట్రిబ్యునల్ 2024 మే 21న అభిప్రాయం చెప్పింది.