గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉంటే వైజాగ్ రాకూడదా? అపోహలు - వాస్తవాలు

ద్వారకానగర్‌లో మా ఆఫీసుకి పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎక్కువగా వచ్చేది తల్లిదండ్రులే. "బాబూ, మావాడు గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేశాడు. చెల్లెలి పెళ్ళికి రావచ్చా?" అంటారు. చేతిలో శుభలేఖ ఉంటుంది. అంటే ముహూర్తం పెట్టేశారు, టికెట్ కొనేశారు, ఆ తర్వాత అడుగుతున్నారన్నమాట. నేను కాగితాలు చూసి చెప్పే కన్సల్టెంట్‌ని, లాయర్ని కాదు. ఆఖరి మాట మీ అబ్బాయి అటార్నీదే. కానీ రోజూ వినే కొన్ని అపోహలకి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అప్లికేషన్ వేశాక అమెరికా దాటితే ఫైలు పోతుంది.

ఏ అప్లికేషన్ అన్నది ముందు తేలాలి. "గ్రీన్‌కార్డ్ వేశాడు" అనే ఒక్క మాటలో మనవాళ్ళు మూడు మెట్లు కలిపేస్తారు. మొదటిది పెర్మ్, కంపెనీ అక్కడి లేబర్ శాఖ నుంచి తెచ్చుకునే సర్టిఫికేట్. రెండోది ఐ-140, సాధారణంగా కంపెనీయే వేసే పిటిషన్. ఈ రెండూ పెండింగ్‌లో ఉండగా ఊరొచ్చి వెళ్తే వాటికేమీ కాదు. మూడోది ఐ-485, మనిషి తన పేరున వేసుకునే అసలు గ్రీన్‌కార్డ్ అప్లికేషన్. చిక్కంతా దీంతోనే. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల, ఇండియాలో పుట్టినవాళ్ళు ఐ-140 ఆమోదమయ్యాక కూడా ఏళ్ళ తరబడి క్యూలోనే ఉంటారు. భయపడుతూ వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు ఈ మూడో మెట్టు ఎక్కనే లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కొడుకు వాట్సాప్‌లో పంపిన నోటీసు ఫొటో చూపించారు. వేళ్ళతో పెద్దది చేసి చూస్తే 'కేస్ టైప్' అన్న గడిలో ఐ-140 అని ఉంది. "రమ్మనండమ్మా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఒక్కటి చూసుకోమనండి" అన్నాను. ఆవిడకి నమ్మకం కుదరలేదు. పక్కింటాయన అస్సలు కదలొద్దన్నారట. తీరా ఆరా తీస్తే ఆయన కొడుకుది ఐ-485!

అపోహ: ఐ-485 వేస్తే అడ్వాన్స్ పెరోల్ లేకుండా కదలకూడదు.

అడ్వాన్స్ పెరోల్ అంటే బయటికి వెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉండి ఐ-485 వేసినవాళ్ళకి ఇది పూర్తిగా నిజం. పెరోల్ చేతికి రాకుండా దేశం దాటితే ఐ-485ని వదిలేసుకున్నట్టే లెక్క. కానీ హెచ్-1బి, ఎల్-1 అనే ఉద్యోగ వీసాల వాళ్ళకి, వాళ్ళమీద ఆధారపడి హెచ్-4, ఎల్-2 మీద ఉన్న భార్య లేదా భర్త, పిల్లలకి మినహాయింపు ఉంది. ఆ హోదా నిలబెట్టుకుని, చెల్లే వీసాతో అదే హోదాలో తిరిగి అడుగుపెడితే ఫైలుకి ఢోకా లేదు.

ఇక్కడ నేనే ఒకసారి బోల్తాపడ్డాను. ఒకబ్బాయిని "హెచ్-1బియేనా?" అనడిగాను, అవునన్నాడు. స్టాంపుకి గడువుంది. వచ్చెయ్ అన్నాను. రెండ్రోజులకి తనే ఫోన్ చేసి, "అన్నా, ఆర్నెల్లుగా ఈఏడీ మీద వేరే కంపెనీలో చేస్తున్నాను, పర్లేదు కదా?" అన్నాడు. పర్లేదేంటి! ఈఏడీ అంటే ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చే పని అనుమతి కార్డు. దాని మీద వేరే కంపెనీకి మారినప్పుడే హెచ్-1బి హోదా పోయింది, దాంతోపాటు మినహాయింపూ పోయింది. టికెట్ రద్దు చేయించాం. అప్పట్నుంచి నా మొదటి ప్రశ్న మారిపోయింది: జీతం ఏ కాగితం మీద వస్తోంది?

అపోహ: పెరోల్‌కి అప్లై చేశాం, రిసీట్ వచ్చింది, చాలు.

చాలదు. రిసీట్ రిసీటే. పెరోల్ కోసం వేసే ఫారం ఐ-131. అది ఆమోదం కాకముందే బయల్దేరితే సాధారణంగా దాన్నీ వదిలేసుకున్నట్టే చూస్తారు. పెరోల్ కాగితం వచ్చాక కొరియర్‌లో తెప్పించుకుంటాననే ప్లాన్ పనిచేయదు. పాత పెరోల్ చెల్లుతూ, కొత్తది రెన్యువల్‌లో ఉంటే అది వేరే కథ. నాన్నగారు ఐసీయూలో ఉన్నారన్నంత అవసరమైతే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) కాల్‌సెంటర్‌కి ఫోన్ చేసి, వాళ్ళ లోకల్ ఆఫీసులో ఎమర్జెన్సీ పెరోల్ అడగొచ్చు. అందుకే హాస్పిటల్ లెటర్ ఇంగ్లిష్‌లో, లెటర్‌హెడ్ మీద, తేదీతో తీసుకుని వెంటనే పంపండి.

అపోహ: స్టాంపింగ్ వారం రోజుల పని, పెళ్ళికి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఒకప్పుడు సరే. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది హైదరాబాద్ కాన్సులేట్‌కి. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బి వాళ్ళకి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి స్టాంపు వేయించుకోవడం) దాదాపు లేనట్టే, ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఆ డిసెంబర్ 15 నుంచి సోషల్ మీడియా ఖాతాల తనిఖీ కూడా మొదలైంది. దాంతో చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఇక్కడ ఇరుక్కుపోయారు. ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్ళు, స్టాంపుకి గడువున్నా సరే, పెరోల్ కూడా తీసి పెట్టుకోండి అని నేను పోరేది ఇందుకే. పెరోల్ ఉంటే స్టాంపుతో పనిలేదు.

అపోహ: పెరోల్ మీద దిగితే హెచ్-1బి ఉద్యోగం పోతుంది.

పోదు. హెచ్-1బి పిటిషన్ గడువున్నంత వరకు అదే కంపెనీలో పని చేసుకోవచ్చు, ఎక్స్‌టెన్షన్ ఆమోదమైతే మళ్ళీ హెచ్-1బి హోదాలోకి వస్తారు. ఎయిర్‌పోర్టులో పక్క గదిలో కూర్చోబెడతారు, అది మామూలే. కాకపోతే కనెక్టింగ్ ఫ్లైట్‌కి కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి. లోపలికి రానివ్వడం మాత్రం చివరికి ఆ ఆఫీసర్ చేతిలోనే ఉంటుంది.

కెనడా, ఆస్ట్రేలియా వాళ్ళకి ఈ రూల్స్ అంటగట్టకండి. కెనడాలో వర్క్ పర్మిట్ అంటే వీసా కాదు. తిరిగి వెళ్ళాలంటే పాస్‌పోర్టులో చెల్లే వీసా ఉండాలి. ఆస్ట్రేలియాలో బ్రిడ్జింగ్ వీసా ఏ (అప్లికేషన్ తేలేదాకా ఉండనిచ్చే తాత్కాలిక వీసా) మీద బయటికొస్తే తిరిగి వెళ్ళే హక్కు ఉండదు, ముందే బ్రిడ్జింగ్ వీసా బి తీసుకోవాలి.

ఇంకొక్క మాట, పాస్‌పోర్ట్ గురించి. హెచ్-1బి మూడేళ్ళున్నా, పాస్‌పోర్ట్ ఎనిమిది నెలల్లో అయిపోతుంటే ఐ-94 (దిగినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మీద ఆ తేదీకే కోసేస్తారు. కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నాక స్టాంపు పాతదాంట్లో ఉండిపోతే రెండూ పట్టుకెళ్ళాలి. ఒకాయన పాతదాన్ని భద్రంగా ఇంట్లో బీరువాలో పెట్టి బయల్దేరాడు. తమ్ముడు బైక్ మీద ఎయిర్‌పోర్టుకి తెచ్చిచ్చాడు.