అందరూ ఆ బల్ల దగ్గరికే ఎందుకు?

చిరంజీవి అమ్మలుకు, నీతో పాటు కూర్చుని సినిమా చూసిన మీ గుంపు మొత్తానికీ తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పకుండా "ఉత్తరం రాస్తాలే" అన్నానని మూతి ముడిచావట. మీ అమ్మ చెప్పింది. కొన్ని ప్రశ్నలకు ఫోన్లో జవాబు చెబితే తేలిపోతాయి. నువ్వడిగింది అలాంటిదే. "తాతయ్యా, 'మీన్ గర్ల్స్'లో బడి అంతా పెత్తనం చేసే ఆ రెజీనా అంటే లోపల్లోపల ఎవరికీ పడదు కదా, మరి భోజనాల గదిలో అందరూ ఆమె బల్ల దగ్గరే కూర్చోవాలని ఎందుకంత తాపత్రయపడతారు?" ఇదే మీ నాన్నను అడిగితే సైకాలజీ అంటూ మొదలుపెడతాడు. నాకు అంత పెద్ద మాటలు రావు. నాకు తెలిసిన దారిలో చెబుతాను. మధ్యలో దారి తప్పితే సర్దుకోండి.

ముందు ఒక సంగతి. మీరు చూసింది 2024లో వచ్చిన పాటల సినిమా. ఎందుకు చూశారో కూడా నాకు తెలుసు, అవంతిక కోసం. కాలిఫోర్నియాలో పుట్టిన వందనపు వారి అమ్మాయి, 2016లో మన 'బ్రహ్మోత్సవం'లో చిన్నపిల్లగా కనిపించిన అమ్మాయి, హాలీవుడ్‌కు వెళ్ళి కేరెన్ శెట్టిగా అందరినీ నవ్విస్తుంటే మనకూ ముచ్చటే. కానీ అసలు సినిమా 2004లోనే వచ్చింది. అందులో ఆ పాత్ర కేరెన్ స్మిత్. కథ అదే. రోజలిండ్ వైజ్‌మన్ అనే ఆవిడ 2002లో తల్లిదండ్రుల కోసం ఒక పుస్తకం రాసింది. ఆడపిల్లలు జట్లు ఎలా కడతారు, ఒకరినొకరు ఎలా ఏడిపించుకుంటారు అనేది విషయం. అందులో కథంటూ ఏమీ లేదు. టీనా ఫే అనే హాస్య రచయిత్రి దాన్ని తీసుకుని కథ అల్లింది. లెక్కల టీచర్ వేషం కూడా తనే వేసింది, రెండు సినిమాల్లోనూ. కథ జరిగేది షికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్‌లో. పాత సినిమా తీసింది మాత్రం ఎక్కువగా కెనడాలోని టొరంటోలో. మీరు ఆ పాత సినిమా చూడాలి. నేను చెప్పేదంతా దాన్ని పట్టుకునే.

కేడీ అనే పిల్ల సంగతి మీకు తెలిసిందే. తల్లిదండ్రులు జంతువుల మీద పరిశోధన చేసేవాళ్ళు. ఆఫ్రికాలో ఇంటి దగ్గరే చదువుకుని, పదహారేళ్ళకు మొదటిసారి బడి గడప తొక్కుతుంది. మొదటి రోజు భోజనాల గదిలో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక, ట్రే పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తింటుంది. అందరూ నవ్వే సీను. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇక నీ ప్రశ్న. మా ఊళ్ళో శ్రీరామనవమి నాడు కల్యాణం అయ్యాక సాయంత్రం స్వామిని పల్లకిలో ఊరేగించేవాళ్ళు. ముందు డప్పులు, సన్నాయి, దివిటీలు, ఆ వెనక పల్లకి. మా ఈడు కుర్రాళ్ళందరికీ పల్లకికి భుజం పట్టాలని మహా ఆశ. పెద్దవాళ్ళు తోసేసినా ఎక్కడో ఒకచోట దూరేవాళ్ళం. నేను పొట్టివాణ్ణి. నా పక్కన పొడుగువాళ్ళు ఉంటే పల్లకి కర్ర నా భుజానికి జానెడు పైన ఉండేది. చెయ్యెత్తి దాన్ని తాకుతూ నడవడమే తప్ప నా మీద గోధుమగింజంత బరువు కూడా పడేది కాదు. అయినా మొహం మాత్రం ఊరి బరువంతా నా మీదే ఉన్నట్టు పెట్టేవాణ్ణి. ఎందుకంటే అరుగుల మీద నిలబడ్డవాళ్ళంతా స్వామిని చూస్తారు. చూసిన చూపు కిందికి జారి మా మీద కూడా పడుతుంది. "అదుగో, మనవాడు మోస్తున్నాడు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ ఒక్క మాట కోసం ఊరంతా తిరిగేవాళ్ళం, కాళ్ళు బొబ్బలెక్కినా.

రెజీనా బల్ల దగ్గరికి అందరూ చేరేది ఇందుకేనమ్మా. రెజీనా మీద ప్రేమ కాదు. ఆమె మీద పడే చూపు జారి తమ మీద కూడా పడుతుందని.

ఇప్పుడు చూడు, పల్లకికి ముందు కర్ర పట్టేది రెజీనా జట్టులోని గ్రెచెన్. అందరికంటే బరువు ఆమె మీదే. రింగుల సంగతి గుర్తుందా? గుండ్రటి చెవి రింగులు తనకు మాత్రమే సొంతమని, ఇంకెవరూ పెట్టుకోకూడదని రెజీనా శాసనం. ఇది తెలియని గ్రెచెన్ తల్లిదండ్రులు హనుక్కా అనే యూదుల పండగకు ఖరీదైన వైట్ గోల్డ్ రింగులు కొనిచ్చారు. నచ్చినా నచ్చనట్టు నటించాల్సి వచ్చిందని కేడీకి చెప్పుకుంటుంది. సినిమాలో అది ఒక్క నిమిషం మాట. కానీ ఆ తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచించు. కొట్లో బేరమాడి, డబ్బాలో పెట్టించి, ముచ్చటపడి ఇస్తే, పిల్ల "బాగాలేవు" అంది. పిల్ల భుజం మీద ఏ కర్ర ఉందో వాళ్ళకేం తెలుసు?

ఆ జట్టులోనే ఉన్న కేరెన్ గొడుగు పట్టే మనిషి. పక్కనుంటే చాలు, ఏమీ ఆలోచించనక్కర్లేదు. ఇక మిగతా బడి అంతా వెనక నడిచే జనం. వాళ్ళను చూడాలంటే చొక్కా సీను చూడాలి. రెజీనాను దించాలనే కేడీ ఆమె బల్ల దగ్గర చేరుతుంది కదా. నవ్వులపాలు చేద్దామని కేడీ పాత స్నేహితులు రెజీనా బనియనుకు ఛాతీ దగ్గర రెండు గుండ్రటి చిల్లులు కత్తిరిస్తారు. ఆమె ఒక్క క్షణం చూసుకుని, ఏమీ కానట్టు తొడుక్కుని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత చూస్తే బడిలో ఆడపిల్లలంతా చిల్లుల చొక్కాలే! నవ్వీ నవ్వీ నాకు దగ్గొచ్చింది.

పల్లకిలో కూర్చున్న మనిషికి సుఖమనుకుంటున్నావా? మూల తిరిగేటప్పుడు తెలుస్తుంది. లోపలి వైపు వాళ్ళు చిన్న అడుగులు వెయ్యాలి, బయటి వైపు వాళ్ళు పెద్ద అడుగులు వెయ్యాలి. ఒక్కడు తప్పినా పల్లకి ఒరుగుతుంది. స్వామిని గుడ్డలతో, తాళ్ళతో గట్టిగా కడతారు కాబట్టి పడడు. రెజీనాను ఎవరూ కట్టలేదు. అందుకే ఎవరి భుజం జారుతోందో ఆమె ఎప్పుడూ కిందికి వంగి చూసుకుంటూనే ఉండాలి. ఫోన్లో ఒకరితో మాట్లాడుతూ, ఇంకొకరిని చప్పుడు చెయ్యకుండా వినమని మధ్యలో పెట్టే కుట్ర అందుకే. జీన్స్, ట్రాక్ ప్యాంటు శుక్రవారమే వేసుకోవాలి, పోనీటెయిల్ వారానికి ఒకసారే అన్న రూల్సూ అందుకే. రూలు ఉంటే, ఎవరు పాటిస్తున్నారో, ఎవరు పాటించట్లేదో లెక్క తెలుస్తుంది. చివరికి ఏమైంది? ఒక సోమవారం తనే ట్రాక్ ప్యాంటుతో వస్తే, ఆ రూలుతోనే ఆమెను బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. మోసేవాళ్ళు ఒక్కసారి భుజం తీసేస్తే అంతే. "అందరూ పల్లకి ఎక్కితే మోసేవాళ్ళెవరు" అని ఊరికే అనలేదు పెద్దలు. మోసేవాళ్ళు తప్పుకుంటే ఎక్కినవాళ్ళ గతేమిటన్నది కూడా అడగాల్సిందే.

ఇక్కడితో ఆపుతాను. స్వామివారి పల్లకిలో రెజీనాను కూర్చోబెట్టానని తెలిస్తే మీ నానమ్మ నాకు కాఫీ ఇవ్వదు. అయినా ఒక్క మాట. పల్లకి ఖాళీ అయ్యాక కేడీ ఏం చేసింది? ఎక్కి కూర్చుంది. రెజీనాను దించడానికని వచ్చిన పిల్ల, తనకే తెలియకుండా రెజీనా అయిపోయింది. ఎవరూ బలవంతపెట్టలేదు. అదే నన్ను భయపెట్టింది.

అది ఎక్కడ మొదలైందో సినిమాలో జాగ్రత్తగా చూడు. లెక్కల క్లాసులో. ముందు బెంచీ కుర్రాడు వెనక్కి తిరిగి మాట్లాడితే బాగుండునని, వచ్చిన లెక్కను రానట్టు అడుగుతుంది. అతను చెప్పింది తప్పు. తప్పని ఆమెకు తెలుసు. అయినా సరేనన్నట్టు తల ఊపుతుంది. అక్కణ్ణుంచి కావాలనే మార్కులు పోగొట్టుకుంటుంది. బుర్రలో సరైన జవాబు మెరుస్తుంటే చేత్తో తప్పు జవాబు రాయడం! బట్టలు మార్చుకోవడం, నడక మార్చుకోవడం పెద్ద సంగతి కాదర్రా, మీ వయసులో అందరూ చేస్తారు. వచ్చిన లెక్కను రాదనకండి. ఈ ఒక్కటి మాత్రం తాతయ్య ఆర్డర్ అనుకోండి.

ఆ సినిమాలో నాకు నచ్చినవాడు వేరే ఉన్నాడు. కెవిన్ గ్నపూర్. మన దేశపు మూలాలున్న కుర్రాడు, లెక్కల పోటీ జట్టుకు కెప్టెన్. ఆ వేషం వేసిన రాజీవ్ సురేంద్ర టొరంటోలో పెరిగిన తమిళుల అబ్బాయి. కెవిన్ జేబులో విజిటింగ్ కార్డు పెట్టుకుని తిరుగుతాడు, లెక్కల పిచ్చోణ్ణి, ర్యాప్ మొనగాణ్ణి అని. ఆ లెక్కల జట్టులో చేరితే బడిలో నీ పరువు గంగలో కలిసినట్టేనని కేడీని స్నేహితులు హెచ్చరిస్తారు. ఆ పరువు సంగతి కెవిన్‌కు పట్టదు. స్టేజీ ఎక్కి ర్యాప్ అందుకుంటాడు, మాటలు శ్రుతి మించితే ప్రిన్సిపాల్ వచ్చి దించేస్తాడు. దిగిపోతాడు. మొహంలో ఏ మార్పూ ఉండదు.

వాణ్ణి చూడగానే నాకు మా హైస్కూల్లో ఒకడు గుర్తొచ్చాడు. వాడికి పౌరాణిక నాటకాల పద్యాలంటే ప్రాణం. టీచరు రాకపోతే చాలు, లేచి నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రాగం అందుకునేవాడు. అప్పటికి మాకు సినిమా పాటలే గొప్ప, పద్యాలంటే ముసలివాళ్ళవి. క్లాసంతా గొల్లున నవ్వేవాళ్ళం. వాడు ఆగేవాడు. కోపం లేదు, సిగ్గు లేదు. మా నవ్వులు అయిపోయేదాకా ఓపిగ్గా నిలబడి, రాగం ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కణ్ణుంచి ఎత్తుకునేవాడు. మళ్ళీ నవ్వేవాళ్ళం, మళ్ళీ ఆగేవాడు. గంట కొట్టేదాకా ఇదే. మేమంతా ఎవరో ఒకరి వెనక తిరిగినవాళ్ళమే. వాడు ఎవరి వెనకా తిరిగిన గుర్తు లేదు. అలాగని ఒంటరివాడా అంటే, కాదు. ఆకలేస్తే ఎవరి క్యారియర్ దగ్గరైనా కూర్చుని తినేవాడు.

కొందరికి అలా ఎలా కుదురుతుందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. పెంపకమా, పుట్టుకా, ఏదో ఒక పని మీద పిచ్చి ఉండటమా? మూడోదని నా అనుమానం. సినిమాలో కేడీ మళ్ళీ తను తాను అయ్యేది కూడా ఉపన్యాసాలతో కాదు, ఒక లెక్కతోనే. పోటీలో రెండు జట్లూ సమానంగా నిలిచాయి. చివరి లెక్కకు కేడీ, అవతలి జట్టు అమ్మాయి ఎదురెదురు. ఆ అమ్మాయి కనుబొమలు, లిప్‌స్టిక్ చూసి మనసులో వెక్కిరించబోతుంది కేడీ. సగంలో ఆగిపోతుంది. ఆమె అందంగా లేకపోతే తనకు లెక్క వస్తుందా? తల దించి లెక్క చూస్తుంది. జవాబు లిమిట్ లేదని. లిమిట్ అంటే ఏమిటో ఇంటర్‌లో చెబుతారు, ఇప్పుడు నన్నడగకు.

ఆ తర్వాత బడి డ్యాన్సు వేడుకలో కేడీని రాణిని చేస్తే, కిరీటం ముక్కలు చేసి అందరికీ పంచుతుంది. బాగుంది కానీ నాకంత నచ్చలేదు. కిరీటం ప్లాస్టిక్‌ది కాబట్టి ఇట్టే విరిగింది. అంతకంటే, రెజీనా జట్టు బడిలోని అమ్మాయిల గురించి రాసుకున్న ఆ చెత్త పుస్తకం కాగితాలు వరండా నిండా పడి, జుట్లు పట్టుకుని కొట్టుకున్నాక, లెక్కల టీచర్ అందరినీ కూర్చోబెట్టి అడిగే సీను మేలు. నీ వెనకాల నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా, చేతులెత్తండి అంటుంది. అందరూ ఎత్తుతారు. మీరు స్నేహితురాళ్ళ వెనకాల ఏమైనా అన్నారా అంటుంది. మళ్ళీ అవే చేతులు. పాత సినిమాలో కొన్ని జోకులు ఇప్పుడు చూస్తే మొహం తిప్పుకునేలా ఉంటాయి, లావుగా ఉన్నవాళ్ళ మీద, వేరే దేశాల పిల్లల మీద. అక్కడ నవ్వు రాకపోతే నవ్వకండి. పక్కవాళ్ళు నవ్వారని అసలు నవ్వకండి.

ఈ శనివారం పాత సినిమా పెట్టుకోండి. రెజీనాను చూడొద్దు, ఆమెను కెమెరా ఎలాగూ చూపిస్తుంది. పక్కన, వెనక నడిచేవాళ్ళను చూడండి. ఆ తర్వాత సోమవారం బడిలో లంచ్ బెల్ కొట్టాక, క్యారియర్ విప్పే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. ఎవరి భుజం మీద నిజంగా బరువుంది, ఎవరు ఊరికే చెయ్యెత్తి కర్రను తాకుతూ నడుస్తున్నారు, ఎవడు ఇవేమీ పట్టకుండా తన పద్యం తను పాడుకుంటున్నాడు. కనిపించిందంతా నాకు రాయి, తీరిగ్గా చదువుకుంటాను. పేర్లు మాత్రం రాయకు తల్లీ. అలా పేర్లు రాసిన పుస్తకంతో ఆ బడిలో ఏం జరిగిందో చూశావుగా.

ఉంటాను,
తాతయ్య