సేవా గ్రూపుల్లో వేధింపులు: అడ్మిన్‌గా నేను విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

నెల్లూరులో రక్తదాతల వాట్సాప్ గ్రూపు ఒకటి నడుపుతున్నాను. తొమ్మిదేళ్లయింది. కావలి, కందుకూరు, ఉదయగిరి, ఒంగోలు దాకా మా దాతలున్నారు. ఎవరికీ జీతం లేదు, ఆఫీసు లేదు, గోడకి బోర్డు కూడా లేదు. ప్లేట్‌లెట్లు కావాలంటే రాత్రి రెండింటికైనా లేచి బండి తీసేవాళ్లు మా గ్రూపులో ఉన్నారు. అమ్మాయిలకి రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టేవాళ్లూ మా గ్రూపులోనే ఉండేవాళ్లు. ఆ రెండో సంగతి ఒప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. కొత్తగా గ్రూపులు మొదలుపెట్టేవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్నారు కాబట్టి, నేను విన్న మాటల్నే అపోహలుగా పెట్టి రాస్తున్నాను.

అపోహ: సేవ చేయడానికి వచ్చినవాళ్లు అలాంటి పనులు చేయరు.

వాస్తవం: చేస్తారు. పైగా సేవా గ్రూపులో అది ఇంకా సులువు, ఎందుకంటే ఇక్కడ ఫోన్ నంబరు అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. "ఓ నెగెటివ్, అర్జెంట్" అని రాగానే దాత పేరు, ఊరు, నంబరు గ్రూపులో పెట్టేసేవాళ్లం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అంతకన్నా ఏం ఆలోచిస్తాం?

కావలిలో డిగ్రీ చదివే ఒకమ్మాయిది ఓ నెగెటివ్. ఫోన్ చేసిన గంటలోపే బస్సెక్కి నెల్లూరు వచ్చి రక్తం ఇచ్చి వెళ్లింది. మర్నాడు పేషెంట్ బంధువు ఒకాయన "థాంక్స్ సిస్టర్" అని పెట్టాడు. బాగానే ఉంది. తర్వాత గుడ్ మార్నింగులు మొదలయ్యాయి. తర్వాత "తిన్నావా". తర్వాత "డీపీ మార్చావే". అదే వారంలో మా గ్రూపు సభ్యుడే ఒకాయన "నిన్ను ఎవరన్నా ఇబ్బంది పెడితే నాకు చెప్పు" అని మొదలుపెట్టి తనూ అదే దారి పట్టాడు. ఆ అమ్మాయి మాకేమీ చెప్పలేదు. "ఎగ్జామ్స్ ఉన్నాయక్కా" అని వెళ్లిపోయింది. అసలు సంగతి ఏడాది తర్వాత వాళ్ల స్నేహితురాలు చెబితే తెలిసింది.

2021 నవంబరు వరదలప్పుడు ఇంకో తప్పు చేశాం. పెన్న పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. భోజనం పొట్లాలు, మందులు కావాల్సినవాళ్లు ఫోన్ చేయడానికి కోఆర్డినేటర్ల నంబర్లు ఒక పోస్టర్ మీద వేసి అన్ని గ్రూపులకీ వదిలాం. నీళ్లు తీసేశాయి కానీ పోస్టర్ మాత్రం తిరుగుతూనే ఉంది. అందులో నంబర్లున్న ఇద్దరు ఆడవాళ్లకి సంక్రాంతి దాటినా రాత్రిళ్లు ఫోన్లు ఆగలేదు.

ఇప్పుడు దాత నంబరు గ్రూపులో పెట్టం, పేషెంట్ వాళ్లకీ ఇవ్వం. వాళ్ల నంబరే దాతకి ఇస్తాం, ఇష్టముంటే దాతే చేస్తారు. ఆడవాళ్లతో మాట్లాడేది ఆడ కోఆర్డినేటర్లే. రక్తం ఇస్తున్న ఫోటో అడక్కుండా పెట్టం. పోస్టర్ మీద వేయడానికి విడిగా ఒక సిమ్ తీసుకున్నాం, అది వారానికొకరి దగ్గర ఉంటుంది. "ఇట్టా అయితే టైమ్ వేస్ట్ అయిపోద్ది మేడం" అన్నారు చాలామంది. ఒక కాల్ ఎక్కువవుతుంది, అంతే.

అపోహ: బ్లాక్ చేసుకుంటే సరిపోతుంది, ఇంత రచ్చ ఎందుకు?

వాస్తవం: బ్లాక్ చేస్తే ఆమె ఒక్కతే తప్పించుకుంటుంది. అతను గ్రూపు లిస్టులో తర్వాతి పేరుకి వెళతాడు. పైగా వాట్సాప్‌లో ఒకరిని బ్లాక్ చేసినా, ఇద్దరూ ఉన్న గ్రూపులో ఒకరి మెసేజ్‌లు ఇంకొకరికి కనిపిస్తూనే ఉంటాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

బ్లాక్ వద్దనడం లేదు. దానికంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. నంబరు, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. అసలు మెసేజ్‌లు కోపంతో డిలీట్ చేయొద్దు. వాటంతటవే మాయమైపోయే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసుకోవాలి. "నాకు మెసేజ్ చేయొద్దు" అని ఒక్కసారి స్పష్టంగా రాసి పెట్టాలి, ఇది ఎందుకో కింద చెబుతాను. అడ్మిన్‌కి చెప్పాలి. రిపోర్ట్ నొక్కితే ఆ నంబరు నుంచి వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్ వాళ్లకి వెళతాయి, రిపోర్ట్ చేసినట్టు అవతలి మనిషికి తెలియదు. ఇవన్నీ అయ్యాక బ్లాక్.

అపోహ: పదేళ్లుగా రక్తం ఇస్తున్న మనిషి. ఒక్క తప్పుకే పక్కన పెడతారా?

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన మాట ఇది.

మగవాళ్లు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. అంటే ఏడాదికి నాలుగుసార్లు. నలభైసార్లు ఇచ్చినాయన పదేళ్లుగా ఒక్క తడవ కూడా తప్పలేదన్నమాట. మా దగ్గర అలాంటి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. క్యాంపు పెడితే టెంటు దగ్గర్నుంచి అరటిపళ్ల దాకా ఆయనే చూసుకునేవాడు. ఆయన మీద ముగ్గురు అమ్మాయిలు విడివిడిగా ఒకే రకమైన స్క్రీన్‌షాట్లు పంపారు. ముగ్గురికీ ఒకరినొకరు తెలియదు.

గ్రూపులో పెద్దవాళ్లు నాకు ఫోన్లు చేశారు. "కాదమ్మా, ఆయన లేకపోతే క్యాంపు ఎట్టా జరుగుద్ది?" అన్నారు. ఒకాయనైతే ఆయన ఎన్ని యూనిట్లు ఇచ్చాడో లెక్క చెప్పాడు, బ్యాంకులో డిపాజిట్ చూపించినట్టు. రక్తం ఇవ్వడం మంచిపనే. కానీ ఆ నలభై యూనిట్లు ఎవరో పేషెంట్లకి ఇచ్చాడు, ఈ ముగ్గురమ్మాయిలు ఆయనకేమీ బాకీ లేరు. అదే మాట అన్నాను. ఆయన్ని కోఆర్డినేటర్ పని నుంచి తప్పించాం, గ్రూపు నుంచి తీసేశాం. రక్తం ఇవ్వాలనుకుంటే నేరుగా బ్లడ్ బ్యాంకుకి వెళ్లి ఇవ్వొచ్చు, దానికి మా గ్రూపు అక్కర్లేదు కదా.

పర్యవసానం దాచను. ఆయనతోపాటు ఇరవై మందికి పైగా వెళ్లిపోయి వేరే గ్రూపు పెట్టుకున్నారు. రెండు నెలలు చాలా ఇబ్బంది పడ్డాం, రెండు కేసులకి దాతలు దొరక్క వేరేవాళ్లని బతిమాలుకున్నాం. ఆ టెన్షన్‌లో తప్పు చేశానేమో అని కూడా అనిపించింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు కోఆర్డినేటర్లు.

అన్ని తప్పులకీ ఒకే శిక్ష వేయం. డెంగ్యూ సీజన్‌లో నిద్ర లేక ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, మర్నాడు టీ తాగితే అయిపోతుంది. దాన్ని వేధింపు అనను. ఒకే మనిషిని ఎంచుకుని, వద్దన్నా మళ్లీ మళ్లీ చేస్తే అది వేధింపు. మొదట విడిగా ఫోన్‌లో చెబుతాం, తర్వాత రాతపూర్వకంగా హెచ్చరిస్తాం, తర్వాత మూడు నెలలు పక్కన పెడతాం, ఆ తర్వాత శాశ్వతంగా తీసేస్తాం. బెదిరింపు, బూతు ఫోటో, ఒకరి సొంత ఫోటోలు బయటపెట్టడం లాంటివైతే ఈ మెట్లేమీ లేవు. అదే రోజు బయటికి.

అపోహ: జోకేశాం, దానికే ఫీలైతే ఎట్టా?

వాస్తవం: ఉదయగిరి వైపు నుంచి ఒక కుర్రాడు చేరాడు. తెలుగు టైపింగ్ సరిగా రాదు, తప్పులు దొర్లేవి. ఎవరో ఆ తప్పుల్ని స్టిక్కర్ చేశారు. అతను మెసేజ్ పెట్టినప్పుడల్లా దాన్ని అతికించేవాళ్లు. "మెట్టోళ్ల తెలుగు" అని ఒక నవ్వు. వారం రోజులు అతనూ నవ్వాడు, తర్వాత కనిపించలేదు. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీయడం, 2024 మే ఎన్నికలప్పుడు "నువ్వు ఏ పార్టీ" అని పట్టుకుని పీడించడం కూడా ఈ కోవవే. అందరూ నవ్వి, ఆ ఒక్కరూ నవ్వకపోతే అక్కడితో ఆపమని రాసుకున్నాం. ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో తిడితే మా నిబంధనల దాకా కూడా రానక్కర్లేదు, దానికి 1989 నుంచే చట్టం ఉంది.

అపోహ: గ్రూపులో ఎవరేం పెట్టినా అడ్మిన్‌ని జైల్లో వేస్తారు.

వాస్తవం: అడ్మిన్ అన్న ఒక్క కారణంతో వేరేవాళ్ల పోస్టుకి నేరం అంటగట్టడం కుదరదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. వాళ్లతో కలిసి కుట్ర చేస్తే అది వేరే సంగతి. ఇది విని కొందరు అడ్మిన్లు "అయితే మాకేం సంబంధం" అని చేతులు దులుపుకుంటారు. ఆ తీర్పులు జైలు గురించి. మనల్ని నమ్మి నంబరిచ్చిన మనిషికి మనం ఏం జవాబు చెబుతామన్నది ఇంకో సంగతి.

ఇంకో సరదా సంగతి. గ్రూపులో గొడవైతే "66ఎ కింద కేసు పెడతా" అని ఇప్పటికీ బెదిరించేవాళ్లున్నారు. ఐటీ చట్టంలో, నొప్పించే మెసేజ్‌లు పంపితే నేరమనే ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది.

అపోహ: అందరి ముందు తేల్చుకుంటేనే న్యాయం.

వాస్తవం: ఐదొందల మంది ఉన్న గ్రూపులో రచ్చబండ పెడితే ఆమె రెండోసారి వేధింపుకి గురవుతుంది, అంతే. "స్క్రీన్‌షాట్ పెట్టమ్మా చూద్దాం" అనేవాళ్లలో సగం మంది చూడ్డానికే అడుగుతారు. ఇద్దరు అడ్మిన్లు, అందులో ఒకరు ఆడమనిషి, రెండు వైపులా విడివిడిగా వింటారు. ఆరోపణ వచ్చినాయనకి బంధువో, దగ్గరి స్నేహితుడో అయితే ఆ అడ్మిన్ తప్పుకుంటాడు. ఏం నిర్ణయించామో ఒక వాక్యం గ్రూపులో పెడతాం, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు లేకుండా.

అపోహ: పోలీసుల దాకా వెళితే పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం.

వాస్తవం: వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మనం ఆపకూడదు, తొయ్యకూడదు. కానీ ఆమె తేల్చుకోవాలంటే ఏమేం దారులున్నాయో తెలియాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ వెంటపడటం గురించే. ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా పదేపదే సంప్రదించడం, ఆమె ఆన్‌లైన్‌లో ఏం చేస్తోందో నిఘా పెట్టడం దీని కిందికి వస్తాయి. మొదటిసారి అయితే మూడేళ్ల దాకా శిక్ష, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. "మెసేజ్ చేయొద్దు" అని ఒక్కసారి రాసి పెట్టమన్నది ఇందుకే. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకి. వేధింపులకి కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకి విడిగా విభాగం ఉంది. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదని పంపించేయడానికి లేదు.

రిజిస్టర్ అయిన సేవా సంస్థలు ఇంకోటి మర్చిపోతుంటాయి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకీ వర్తిస్తుంది. పదిమంది అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు.

ఇందులో ఎవరి ఇష్టానికీ వదలలేనిది ఒకటుంది. రక్తం ఇవ్వడానికి పద్దెనిమిది నిండాలి కానీ, క్యాంపుల్లో సాయం చేయడానికి ఇంటర్ పిల్లలు కూడా వస్తారు. పద్దెనిమిది లోపువాళ్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి. పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే నేరం.

అపోహ: రూల్స్ పెడితే వాలంటీర్లు పారిపోతారు.

వాస్తవం: ప్రపంచమంతా ఉచితంగా రాసేవాళ్లతో నడిచే వికీపీడియా లాంటి చోటే 2021లో అన్ని భాషలకీ కలిపి ఒక ప్రవర్తనా నియమావళి తెచ్చుకున్నారు. మావి ఏడే వాక్యాలు, మామూలు తెలుగులో, గ్రూపు వివరాల్లో ఉంటాయి. చేరేటప్పుడు చదివి "సరే" అని పెట్టాలి. దానికి పారిపోయినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

రూల్స్ కంటే కష్టమైన పని మంచి అలవాట్లు నేర్పడం. ఇందులో మా తప్పే ఎక్కువ. నెలనెలా "టాప్ డోనర్స్" జాబితా పెట్టేవాళ్లం. ప్రోత్సాహం అనుకున్నాం. హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే రక్తం తీసుకుంటారు, మన ఆడపిల్లల్లో ఎంతోమందికి అంత ఉండదు. బ్లడ్ బ్యాంకు నుంచి వెనక్కి వచ్చిన అమ్మాయిని "సూదికి భయపడ్డావా?" అని ఆటపట్టించారు. ఆ జాబితా వల్లే వాళ్లకి ఆ చనువు వచ్చింది. జాబితా తీసేశాం. ఇప్పుడు మెచ్చుకునేది వేరే పనుల్ని. కేసు అయిపోగానే "క్లోజ్డ్" అని పెట్టినవాళ్లని, రాలేనని ముందే చెప్పినవాళ్లని, రాత్రి డ్యూటీ ఒకరి బదులు ఒకరు చేసినవాళ్లని. కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెల తోడుగా ఒక పాత మనిషిని ఇస్తాం. ఎక్కడ ఏం అడగాలో తెలియని కొత్తవాళ్లనే ముందు పట్టుకుంటారు కాబట్టి.

అపోహ: ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: కావలి అమ్మాయి ఫిర్యాదు చేయలేదు. ఉదయగిరి కుర్రాడూ చేయలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో ఎవరైనా గ్రూపు వదిలితే అడ్మిన్లకి మాత్రమే తెలుస్తుంది, గత అరవై రోజుల్లో వెళ్లిపోయినవాళ్ల పేర్లు విడిగా కనిపిస్తాయి. నెలకోసారి ఆ పేర్లు తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం. "మళ్లీ రండి" అని అడగం. "వెళ్లడానికి మావల్ల ఏమన్నా కారణం ఉందా?" అని మాత్రం అడుగుతాం. చాలామందిది ఫోన్ మారడమో, ఉద్యోగం బెంగళూరుకి మారడమో. పోయిన నెల ఆరుగురికి చేస్తే నలుగురు ఎత్తారు. ముగ్గురివి మామూలు కారణాలే. నాలుగో ఆమె కాసేపు ఆగి, "మేడం, మీరు ఒక్కరే ఉన్నప్పుడు మళ్లీ చేస్తారా?" అంది. ఈ ఆదివారం చేస్తున్నాను.