సెషన్ మూసేశాక సరుకు అడిగితే... లేజీ లోడింగ్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని, పలాస జీడిపప్పు వ్యాపారుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. మొన్న రాత్రి మా టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "ఏటన్నా ఇది, అదే బిల్లు వెబ్ పేజీలో బాగానే వస్తోంది, రాత్రి నడిచే జాబ్‌లో మాత్రం పేలిపోతోంది!" లాగ్‌లో హైబర్నేట్ (జావా ప్రోగ్రామ్‌కీ డేటాబేస్‌కీ మధ్య నడిచే లైబ్రరీ) పాత పాటే: "కుడ్ నాట్ ఇనిషియలైజ్ ప్రాక్సీ - నో సెషన్". లేజీ లోడింగ్ అంటే డేటాను ముందే కాకుండా, అడిగినప్పుడే తేవడం. సెషన్ అంటే హైబర్నేట్ డేటాబేస్‌తో మాట్లాడేందుకు తెరిచే కౌంటర్ లాంటిది. అది మూసేశాక సరుకు అడిగితే వచ్చేదే ఈ ఎర్రర్.

అపోహ: బిల్లు చేతిలో ఉంటే అందులోని సరుకు లిస్టూ ఉన్నట్టే.

వాస్తవం: బిల్లు నంబరు, తేదీ వచ్చాయి. డబ్ల్యూ 240 రకం జీడిపప్పు ఎన్ని టిన్నులు, డబ్ల్యూ 320 ఎన్ని అనే లిస్టు ఉండాల్సిన చోట ఉన్నది అసలు డేటా కాదు, గోడౌన్ చీటీ లాంటిది. సెషన్ తెరిచి ఉన్నంతసేపే దాని మీద సరుకు ఇస్తారు. మేం వాడే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో 'ఓపెన్ ఇన్ వ్యూ' అనే సెట్టింగ్ మనం ఆపకపోతే ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి, వెబ్ పేజీ తయారయ్యేదాకా సెషన్ మూతపడదు. రాత్రి జాబ్‌కి ఆ సౌకర్యం లేదు. కుర్రాడి తప్పు రెండుచోట్లా ఉంది, ఒకచోటే బయటపడింది.

అపోహ: ఇంకో సెషన్ తెరిస్తే సరిపోతుంది.

వాస్తవం: పాత బిల్లు కొత్త సెషన్‌కి పరాయిదే. మెర్జ్ చేసినా (పాత వస్తువులోని డేటాను కొత్త సెషన్‌లోకి కలిపినా), అది తిరిగి ఇచ్చే కాపీయే సెషన్‌లో ఉంటుంది, మనం పంపిన బిల్లు డిటాచ్డ్‌గానే, అంటే ఏ సెషన్‌కీ చెందకుండానే మిగిలిపోతుంది. ఆ కాపీని వేరియబుల్‌లో పట్టుకోకుండా నేనూ ఒక పూట తల బద్దలు కొట్టుకున్నాను. హైబర్నేట్ లాంటి ఇంకో లైబ్రరీ ఎక్లిప్స్‌లింక్ అయితే డిటాచ్డ్ వస్తువుకీ చాలాసార్లు డేటా తెచ్చిపెడుతుంది. అది దాని మంచితనం, ఈ లైబ్రరీలన్నీ పాటించే జావా ప్రమాణం జేపీఏ ఇచ్చిన హామీ కాదు.

అపోహ: హైబర్నేట్‌లో 'ఎనేబుల్ లేజీ లోడ్ నో ట్రాన్స్' అనే సెట్టింగ్ ఒక్కటి ట్రూ పెడితే టెన్షన్ ఉండదు.

వాస్తవం: ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ చీటీ చూపించిన ప్రతిసారీ హైబర్నేట్ చాటుగా ఒక తాత్కాలిక సెషన్ తెరిచి, క్వెరీ కొట్టి, మూసేస్తుంది. 50 బిల్లుల పేజీకి 51 క్వెరీలు (బిల్లులకి ఒకటి, వాటి లిస్టులకి 50), లిస్టు లిస్టుకీ విడిగా ఒక కనెక్షన్. డేటాబేస్ కనెక్షన్లు దాచి ఉంచే హికారీ పూల్‌లో మామూలుగా ఉండేవే 10. పదిమంది ఒకేసారి పేజీ తెరిస్తే మిగతావాళ్లు క్యూలో నిలబడాల్సిందే. ఇంకా చెడ్డది, ఇవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగవు. మధ్యలో గుమస్తా బిల్లు దిద్దితే బిల్లు టోటల్ పాతది, సరుకు లైన్లు కొత్తవి కనిపిస్తాయి. వ్యాపారి క్యాలిక్యులేటర్ తీశాడంటే మన పని అయిపోయినట్టే. మా ప్రాజెక్టులో ఈ సెట్టింగ్‌కి చోటు లేదు. ఆ జాబ్‌కి లైన్లు కావాలని ముందే తెలుసు కదా, సెషన్ ఉండగానే, బిల్లునీ లైన్లనీ ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ ఫెచ్‌తో తెచ్చుకోవాలి.

అపోహ: అన్నీ ఈగర్ (అడక్కముందే తెచ్చేలా) చేసేద్దాం.

వాస్తవం: పార్టీ పేరు చూడ్డానికి వెళ్లి గోడౌన్ మొత్తం మోసుకొస్తారు. పైగా మెనీ-టు-వన్ (ఎన్నో బిల్లులకి ఒకే పార్టీ లాంటి సంబంధం) ఎవరూ అడగకుండానే ఈగర్, దాన్ని లేజీగా మార్చుకోవడమే ఒక పని.

అపోహ: ఎర్రర్ రాకుండా లైన్ల చోట ఖాళీ లిస్టు పెడితే నష్టం లేదు.

వాస్తవం: ఒకసారి మేం పెట్టాం. లోడ్ కాని లిస్టును అలాగే వదిలేస్తే మెర్జ్ దాని జోలికి పోదు. ఖాళీ లిస్టు ఇస్తే మాత్రం లైన్లన్నీ మనమే తీసేశామనుకుంటుంది. మాకు ఆర్ఫన్ రిమూవల్ (లిస్టులోంచి తీసేసిన లైన్‌ని డేటాబేస్‌లోంచీ చెరిపేసే సెట్టింగ్) కూడా ఆన్‌లో ఉంది. పార్టీ ఫోన్ నంబరు దిద్ది సేవ్ కొట్టగానే అలా సేవ్ చేసిన ప్రతి బిల్లులోనూ లైన్లన్నీ డేటాబేస్ నుంచి చెరిగిపోయాయి. అంతకుముందు రాత్రి తీసిన బ్యాకప్ నుంచి, ఒక్కో బిల్లే వెతికి తిరిగి ఎక్కించాం.