సొంత విచారణ బయట పెళ్లి: ఆ లెటర్ అసలు ఎక్కడ పుట్టింది

మాది కతోలిక చర్చి పద్ధతిలో జరిగిన పెళ్లి, అప్పుడు లెక్కేస్తే నాలుగు ఊళ్లు తేలాయి. నా జ్ఞానస్నానం ఒకచోట, మా ఆవిడది ఇంకోచోట, ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్నది మూడో చోట, పెళ్లి పెట్టుకున్నదేమో నాలుగో చోట. పెళ్లి జరిగే గుడి ఫాదర్ గారు "మీ సొంత విచారణ గురువు దగ్గర పర్మిషన్ లెటర్ తెచ్చుకోండి" అన్నారు (విచారణ అంటే పారిష్, ఒక గుడి కిందకొచ్చే ప్రాంతం, దాని బాధ్యత చూసే ఫాదరే విచారణ గురువు), సరే అని తలూపి బయటికొచ్చాక ఇద్దరం మొహాలు చూసుకున్నాం, సొంత విచారణ అంటే ఈ నాలుగిట్లో ఏది? జ్ఞానస్నానం ఇచ్చిన చోటుకి ఫోన్ చేస్తే మీరు ఇక్కడ ఉండట్లేదు కదా మమ్మల్ని ఎందుకు అడుగుతున్నారు అన్నారు, ఉంటున్న చోట అడిగితే పెళ్లి అక్కడ కదా పెళ్లి కాగితాల ఫైల్ కూడా వాళ్లే చూసుకోవాలి అన్నారు. అలా రెండు నెలలు తిరిగాం.

తర్వాత ఓపిగ్గా చదువుకుంటే అర్థమైంది, ఇక్కడ రెండు వేర్వేరు కాగితాలు కలిసిపోయి గందరగోళం చేస్తున్నాయి. ఒకటి ఇంటి విచారణ ఇచ్చే అనుమతి, రెండోది పెళ్లి జరిగే చోట విచారణ గురువు ఇచ్చే డెలిగేషన్, అంటే బయటినుంచి వచ్చిన గురువుకి అక్కడ పెళ్లి చేసే అధికారం. జనమంతా మొదటిదాని కోసం పరుగులు పెడతారు, రెండోదాన్ని అడిగేవాళ్లు తక్కువ. కానీ పెళ్లి చెల్లుతుందా లేదా అన్నది తేలేది రెండోదాని మీదే. ఒకప్పుడు మాత్రం సరిగ్గా తలకిందులుగా ఉండేది, 1908లో రూలు మారింది, భయం మాత్రం పాత రూలుదే మిగిలిపోయింది.

మొదటికి వెళ్తే, చర్చి చరిత్రలో ఎక్కువ కాలం పెళ్లికి గురువు ఉండి తీరాలన్న నియమమే లేదు. రెండో శతాబ్దం మొదట్లోనే అంతియోకు ఇగ్నేషియస్, పెళ్లి చేసుకునేవాళ్లు బిషప్పు అంగీకారంతో చేసుకోవడం మంచిదని రాశాడు, అయితే అది సలహా, చెల్లుబాటుకి షరతు కాదు. 866లో పోపు మొదటి నికోలస్ బల్గేరియా వాళ్లకి రాసిన జవాబులో వధూవరుల సమ్మతి ఉంటే చాలు, మిగతా తంతు అంతా లేకపోయినా పెళ్లి పెళ్లే అని తేల్చేశాడు. 12వ శతాబ్దంలో పోపు మూడో అలెగ్జాండర్ దీన్ని ఇంకా సాగదీశాడు, వర్తమానంలో మాట ఇస్తే అక్కడికక్కడే పెళ్లి, భవిష్యత్తులో ఇస్తే అది ప్రధానం మాత్రమే, ప్రధానం తర్వాత ఇద్దరూ కలిస్తే అదీ పెళ్లి కిందే లెక్క. మన భాషలో పెట్టి చూస్తే "చేసుకుంటున్నాను" అంటే పెళ్లయిపోయినట్టు, "చేసుకుంటాను" అంటే ఇంకా కానట్టు. ఒక్క "న్నా" తేడాతో జీవితం మారిపోయేది, అది కూడా సాక్షి లేకుండా, ఏ దొడ్లోనో ఏ మేడ మెట్ల మీదో.

దీనివల్ల ఏం జరిగేదో ఊహించొచ్చు. ఒకడు రహస్యంగా ఒకమ్మాయికి మాటిచ్చి, కొన్నాళ్లకి ఇంకో ఊళ్లో అందరి ముందు ఇంకొకరిని చేసుకునేవాడు. మొదటామె వచ్చి నేనే భార్యని అంటే సాక్ష్యం ఏది? వాడు కాదంటే కోర్టులో రెండో పెళ్లే నిలబడేది, నిజానికి మొదటిదే అసలు పెళ్లి అయినా సరే. 1215లో నాలుగో లాటరన్ మహాసభ (మహాసభ అంటే చర్చి బిషప్పులంతా కలిసే పెద్ద సమావేశం) రహస్య పెళ్లిళ్లు చేసుకోవద్దని నిషేధించి, ముందుగా గుడిలో ప్రకటించాలని అన్ని చోట్లా రూలు పెట్టింది. అభ్యంతరం ఉన్నవాళ్లు ముందుకొచ్చి చెప్పడానికే ఆ ప్రకటనలు. కానీ నిషేధించారే గానీ, చేసుకుంటే చెల్లదు అనలేదు, పాపం చుట్టుకుంటుంది కానీ పెళ్లి నిలబడుతుంది. ఇంకో మూడున్నర శతాబ్దాలు అలాగే నడిచింది.

అసలు మలుపు ట్రెంటు మహాసభ. 1563 నవంబర్ 11న వచ్చిన ఆ డిక్రీ (చర్చి శాసనం) పేరు తమేత్సి, లాటిన్‌లో "అయినప్పటికీ" అని అర్థం, డిక్రీ మొదలయ్యే మాటే పేరయింది. నాకు ఆ మొదటి మాటే అన్నిటికంటే నచ్చుతుంది, ఎందుకంటే రహస్య పెళ్లిళ్లు ఇప్పటిదాకా నిజమైన పెళ్లిళ్లే అనడంలో సందేహం లేకపోయినప్పటికీ అంటూ ఒప్పుకుని మొదలుపెట్టి, ఇకమీదట మాత్రం చెల్లవు అని ముగిస్తారు. సభలో అందరూ సులువుగా ఒప్పుకోలేదు, సమ్మతి చాలని ఇన్నాళ్లూ చెప్పిన చర్చి ఇప్పుడు కొత్త షరతు ఎలా పెడుతుందని గట్టిగా ఎదురుతిరిగిన బిషప్పులు చాలామందే ఉన్నారు. ఫ్రాన్స్ వాళ్ల గొడవ ఇంకోటి, వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్లి కూడా చెల్లకూడదు. ట్రెంటు సభ దానికి మాత్రం ఒప్పుకోలేదు, పెద్దల మాట కాదన్నంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు అని స్పష్టంగా రాసింది. ఇప్పటికీ ఇది తెలియని పెద్దలు చాలామంది.

తమేత్సి పెట్టిన షరతు ఏంటంటే, పెళ్లి సొంత విచారణ గురువు ముందు గానీ, ఆయన గానీ బిషప్పు గానీ అనుమతిచ్చిన ఇంకో గురువు ముందు గానీ, ఇద్దరు ముగ్గురు సాక్షులతో జరగాలి, లేకపోతే అసలు పెళ్లే కాదు. మూడు పండగ రోజుల్లో ప్రకటనలు, విచారణలో పెళ్లి రిజిస్టర్ కూడా అప్పుడే తప్పనిసరి అయ్యాయి. సొంత విచారణ అనే మాట అంత బరువెక్కింది ఇక్కడే. ఆలోచిస్తే లాజిక్ కూడా ఉంది, ఫలానా అబ్బాయికి ఇదివరకే పెళ్లయిందా లేదా అన్నది ఎవరికి తెలుస్తుంది, వాడుండే ఊరి గురువుకి తెలుస్తుంది. అందుకే అధికారం మనుషుల్ని బట్టి పోయేది, అంటే మీ గురువు మీతో పాటు ఎంత దూరం వచ్చి పెళ్లి చేసినా చెల్లేది, అదే ఆ ఊరి గురువు మీవాళ్ల అనుమతి లేకుండా తన సొంత గుడిలో తనే చేసినా చెల్లేది కాదు. ఇంటి లెటర్ లేకపోతే పెళ్లే లేదు అనే భయం ఆ రోజుల్లో నూటికి నూరు పాళ్లు నిజం.

దీనికో తమాషా లొసుగు ఉండేది. గురువు అక్కడ ఉండి వింటే చాలు, ఆయన ఇష్టంగా ఉండాలని డిక్రీలో లేదు. కాబట్టి పెద్దలు ఒప్పుకోని జంటలు ఇద్దరు సాక్షుల్ని వెంటేసుకుని గురువు భోజనం చేస్తున్నప్పుడో నిద్రలేస్తున్నప్పుడో గదిలోకి దూరి, ఆయన చెవులు మూసుకునేలోపు సమ్మతి మాటలు గబగబా చెప్పేసేవాళ్లు. అది తప్పే, కానీ పెళ్లి చెల్లేది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి, తమేత్సి ఒకేసారి అన్ని చోట్లా అమల్లోకి రాలేదు. ఏ విచారణలో చదివి వినిపిస్తారో అక్కడ 30 రోజుల తర్వాత నుంచే వర్తిస్తుంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్ లాంటి చోట్ల దాన్ని అసలు ప్రకటించనే లేదు, అక్కడ పాత పద్ధతే. అంటే ఒకే జంట ఏటికి ఇవతల మాటలు చెప్పుకుంటే పెళ్లి కాదు, అవతల చెప్పుకుంటే పెళ్లి. రూలు తప్పించుకోవడానికే అవతలికి పోతే చెల్లదని రోమ్ 17వ శతాబ్దంలో తేల్చింది గానీ, వీళ్లు ఎందుకు పోయారో ఎవరు నిరూపిస్తారు? జనం పనుల కోసం పట్నాలకీ పరాయి దేశాలకీ కదలడం పెరిగేకొద్దీ, వీళ్ల సొంత గురువు ఎవరు, ఆ ఊళ్లో తమేత్సి ఉందా లేదా, ఇవి తేల్చడమే ఒక వృత్తి అయిపోయింది.

దీన్ని విప్పింది నే తేమెరే డిక్రీ. 1907 ఆగస్టు 2న వచ్చి, 1908 ఏప్రిల్ 19న, ఈస్టర్ రోజున అమల్లోకి వచ్చింది. అది చేసిన పని పైకి చిన్నది, ఫలితం పెద్దది, అధికారాన్ని మనుషుల మీద నుంచి తీసి నేల మీద పెట్టింది. తన హద్దుల్లోపల ఆ ఊరి గురువు ఎక్కడినుంచో వచ్చినవాళ్లకి చేసినా చెల్లుతుంది, హద్దు దాటితే మీ సొంత గురువైనా సరే అతిథి మాత్రమే. ఇంటి అనుమతి ఉండాలి, కానీ అది పద్ధతి కోసం, చెల్లుబాటు కోసం కాదు. దూరి మాటలు చెప్పే పెళ్లిళ్లకి కూడా తెరపడింది, గురువుని పిలవాలి, ఆయనే సమ్మతి అడిగి స్వీకరించాలి. పెళ్లి సంగతి జ్ఞానస్నానం రిజిస్టర్లో కూడా రాయించాలన్న రూలు దీంతోనే వచ్చింది, నా లెక్కలో ఇదే అన్నిటికంటే తెలివైన పని.

చర్చి చట్టాలన్నీ ఒకచోట పెట్టిన 1917 కోడ్ ఇదంతా తీసుకుని, సరైన కారణం లేకపోతే పెళ్లి అమ్మాయి విచారణలో జరగాలని కలిపింది. 1990లో వచ్చిన తూర్పు చర్చిల (సీరో మలబార్ లాంటివి, పోపు కిందే ఉన్నా వేరే ఆచారాలవి) కోడ్‌లో మామూలుగా అబ్బాయి విచారణ, ఈ విడ్డూరం ఎవరైనా ఆ రెండు పద్ధతుల కుటుంబాలు వియ్యమందేటప్పుడు గుర్తుచేసుకోవాలి! లాటిన్ చర్చికి, అంటే మామూలు రోమన్ కతోలికులకి, ఇప్పుడు నడుస్తున్నది 1983 కోడ్, అందులో అమ్మాయా అబ్బాయా అన్న తేడా పోయింది. 1115వ నియమం ప్రకారం ఇద్దరిలో ఒకరికి నివాసం ఉన్న విచారణ, లేదా ఒక నెల ఉన్న విచారణ అయినా చాలు, వేరే చోటైతే సొంత బిషప్పు గానీ సొంత విచారణ గురువు గానీ అనుమతివ్వాలి. చూడండి, జ్ఞానస్నానం అన్న మాటే లేదు. సొంత విచారణ అంటే మీరు ఉంటున్న చోటు, ఐదేళ్లు ఉన్నా లేక ఇక్కడే ఉండిపోదామని వచ్చినా అది నివాసం, మూడు నెలలకి తాత్కాలిక నివాసం. అద్దె ఇంట్లో ఉంటున్నా సరే. మేం రెండు నెలలు తిరిగింది ఈ ఒక్క వాక్యం తెలియక.

ఇక డెలిగేషన్. మన చుట్టాల్లో ఒక గురువు ఉంటారు, పెళ్లి ఆయన చేతుల మీదుగా జరగాలని ఆశ పడతాం, ఆయన కూడా వస్తానంటారు. ఆయన గురువైతే అయ్యారు, కానీ ఆ నేల ఆయనది కాదు, అందుకే అక్కడి విచారణ గురువు గానీ బిషప్పు గానీ ఫలానా గురువుకి ఫలానా పెళ్లికి అని పేరు పెట్టి అధికారం ఇవ్వాలి. ఇప్పుడు పెళ్లి ముందురోజు ఆయనకి జ్వరం వచ్చి, నా బదులు మా ఫ్రెండ్ ఫాదర్ వస్తారులే అని పంపించారనుకోండి, ఆ ఫ్రెండ్‌కి ఏ అధికారమూ లేదు, తనకిచ్చినదాన్ని ఇంకొకరికి అందించే హక్కు ప్రత్యేకంగా ఇస్తే తప్ప మన ఫాదర్ గారికి కూడా లేదు. ఒక్క ఫోన్ చేసి ఆ ఊరి గురువుని కొత్తగా అడిగితే అయిపోయే పని. చేయకపోతే పూలూ పాటలూ అన్నీ బాగానే ఉంటాయి, పెళ్లి చెల్లుబాటే ప్రశ్న అవుతుంది. కొన్ని సందర్భాల్లో ఆ లోటుని చర్చే పూడుస్తుందని ఇంకో నియమం ఉంది, తర్వాత సరిదిద్దే దారులూ ఉన్నాయి, కానీ దాన్ని నమ్ముకుని ఎవరు ముహూర్తం పెట్టుకుంటారు?

ఫైల్ సంగతి త్వరగా చెప్పేస్తా. పెళ్లికి అడ్డంకులేమైనా ఉన్నాయా అని విచారించేది ఒక గురువు, పెళ్లి చేసేది ఇంకొకరు అయితే, విచారించినవాళ్లు ఫలితాన్ని రాతపూర్వకంగా అవతలికి పంపాలి, అందుకే ఉంటున్న చోటే మొదలుపెట్టడం తేలిక. ప్రకటనలు ఎలా అన్నది ఇప్పుడు ఒక్కో దేశపు బిషప్పుల సమాఖ్య నిర్ణయిస్తుంది. గుడిలో కాకుండా తోటలోనో ఒడ్డునో అంటే అది పూర్తిగా వేరే అనుమతి, బిషప్పు స్థాయిది, ఈ లెటర్‌తో కలపకండి.

జ్ఞానస్నానం సర్టిఫికెట్ ఎప్పుడో తీసి ఇంట్లో పెట్టుకున్నది ఉన్నా, కొత్తది, మామూలుగా ఆరు నెలల లోపలిది ఎందుకు అడుగుతారో చాలామందికి చిరాకు. వాళ్లకి కావాల్సింది మీ పుట్టినరోజు కాదు, మార్జిన్. ఇదివరకు పెళ్లయి ఉంటే ఆ పాత పేజీ పక్కన రాసి ఉంటుంది. పెళ్లి జరిగిన విచారణ మీ జ్ఞానస్నానం విచారణకి సమాచారం పంపాలి, వాళ్లు అక్కడ ఎక్కించాలి. మా పెళ్లయిన మూడేళ్లకి వేరే పని మీద నా సర్టిఫికెట్ తీసుకోవడానికి వెళ్తే, ఫాదర్ గారు రిజిస్టర్ తెరిచి నా పేరు మీద వేలు పెట్టి పక్కన చూసి, "నీకింకా పెళ్లి కాలేదటగా" అని నవ్వారు. మార్జిన్ ఖాళీ. అక్కడినుంచి సమాచారం రాలేదు, మేం అడగలేదు. పెళ్లి సర్టిఫికెట్ కాపీ ఫోన్‌లో చూపించా, అది కుదరదు వాళ్ల దగ్గర్నుంచే రావాలి అన్నారు, ఇంకో నెలకి వచ్చింది, అప్పుడు మళ్లీ వెళ్తే బ్లూ ఇంకుతో మా ఆవిడ పేరు, తేదీ, ఆ గుడి పేరు చిన్న అక్షరాల్లో నా ముందే రాశారు.