వారోత్సవాల ఋతువు

"వైద్యానాం శారదీ మాతా, పితా చ కుసుమాకరః" అని పాత చాటువు ఒకటి ఉంది. శరత్కాలం వైద్యుడికి తల్లి, వసంతం తండ్రి అని అర్థం. ఆ రెండు ఋతువుల్లో మంచాన పడేవాళ్లు ఎక్కువ కాబట్టి వైద్యుడి వాకిలి నిండుగా ఉంటుందని ఎత్తిపొడుపు. దేవీ భాగవతం ఇదే సంగతిని ఎత్తిపొడుపు లేకుండా చెప్పింది. శరత్తు, వసంతం యముడి కోరలనీ, జనానికి రోగాలు తెచ్చే ఆ రెండు కాలాల్లోనూ నవరాత్రి పూజలు చేయాలనీ అందులో ఉంది. దసరాకు ఇంద్రకీలాద్రి మెట్ల మీద బారులు తీరే లక్షల మందిలో ఇది ఎందరికి గుర్తుందో గానీ, రోగాల కాలం చూసి పెట్టుకున్న పండుగ అది.

ఈ కాలానికి ఇప్పుడు ఆరోగ్య శాఖవారి పంచాంగం వేరే ఉంది. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు. సెప్టెంబరు మొదటి వారం పౌష్టికాహార వారోత్సవాలు, ఆ నెలలోనే పోషణ మాసం. 10న ఆత్మహత్యల నివారణ దినం, 21న అల్జైమర్స్ దినం, 28న రేబిస్ దినం, 29న గుండె దినం. అక్టోబరు 10 మానసిక ఆరోగ్యానికి, 15 చేతులు కడుక్కోవడానికి, నెల మొత్తం రొమ్ము క్యాన్సర్‌కు. ఈ రోజుల్లో విజయవాడలో గానీ గుంటూరులో గానీ పత్రిక జిల్లా పేజీ తెరిస్తే ఏదో ఒక కూడలిలో మానవహారం ఫొటో ఉండి తీరుతుంది. నర్సింగ్ విద్యార్థినులు అట్టలు పట్టుకుని ఎండలో నిలబడి ఉంటారు. జెండా ఊపిన అధికారి మాత్రం షామియానా కింద ఉంటారు.

ఈ తేదీల్లో చాలావాటికి ఋతువుతో నిమిత్తం లేదు. సెప్టెంబరు 28 లూయీ పాశ్చర్ 1895లో కన్నుమూసిన రోజు, అందుకే అది రేబిస్ దినమైంది. అక్టోబరు 13 రుడాల్ఫ్ విర్కో పుట్టినరోజు, రక్తనాళాల్లో గడ్డలు ఎలా కడతాయో వివరించిన వైద్యుడు కనుక ఆ జబ్బుకు ఆ రోజు దక్కింది. రొమ్ము క్యాన్సర్ నెలను 1985లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఒక మందుల కంపెనీతో కలిసి మొదలుపెట్టింది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్ ఆ కంపెనీదే. తేదీ ఎలా వచ్చిందన్నది నాకు పెద్ద అభ్యంతరం కాదు. ఆ రోజు విషయం తెలుసుకున్న మనిషి సాయంత్రం ఇంటికెళ్లి చేయగల పని ఏమైనా ఉందా అన్నదే నాకు ముఖ్యం. ఆ లెక్కన చూస్తే ఈ జాబితాలో గట్టివీ ఉన్నాయి, ఫొటోతో సరిపోయేవీ ఉన్నాయి.

ముందు ఈ కాలపు అసలు రోగం సంగతి చూద్దాం. విచిత్రం ఏమిటంటే దానికి ఈ నెలల్లో తేదీ లేదు. జాతీయ డెంగీ దినం మే 16న వస్తుంది, వానలకు ముందే జాగ్రత్తపడాలని. ఆలోచన సరైనదే. కానీ మే ఎండల్లో దోమ గురించి విన్నది వినాయక చవితి నాటికి ఎవరికి గుర్తుంటుంది?

డెంగీ వానలు తగ్గే రోజుల్లోనే ఎందుకు విజృంభిస్తుందో తెలియాలంటే దోమ వయసు లెక్క చూడాలి. రోగిని కుట్టిన దోమ ఆ క్షణం నుంచే రోగాన్ని అంటించలేదు. వైరస్ దాని పొట్టలో పెరిగి, గోడ దాటి, లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. అన్ని రోజులు బతకని దోమ ఎంత కుట్టినా డెంగీ అంటదు. విజయవాడ మే నెల 40 డిగ్రీలు దాటిన పొడి వేడిలో దోమ త్వరగా ఎండి చస్తుంది. సెప్టెంబరులో వేడి ముప్పై చుట్టూ ఉంటుంది, గాలిలో తేమ నిండుగా ఉంటుంది. అప్పుడు దోమకు ఆయుష్షు పెరుగుతుంది, దాని పొట్టలో వైరస్ కూడా చకచకా ముదురుతుంది. వాన ఆగి ఆగి కురిస్తే ఇంకా మేలు, దోమకు. పాత గుడ్లు పొదుగుతూనే ఉంటాయి.

విజయవాడవాళ్లు దోమలనగానే బందరు కాలువనో ఏలూరు కాలువనో రైవస్ కాలువనో తిడతారు. రాత్రి చెవి దగ్గర గుయ్యిమనే క్యూలెక్స్ దోమకు మురుగునీరు ఇష్టమన్నది నిజమే. డెంగీ మోసే ఏడిస్ దోమ తీరు వేరు. దానికి కదలని, శుభ్రమైన నీరు కావాలి. వేసవిలో వాడి బాల్కనీలోకి నెట్టేసిన కూలరు అడుగున, ఫ్రిజ్ వెనక పళ్లెంలో, మేడ మీద పాత టైరులో, పూలకుండీ కింద సాసరులో గుడ్లు పెడుతుంది. అదీ నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని తొట్టి ఒంపేస్తే చాలదు, లోపలి అంచు పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెబుతారు. బ్యానరు లేకపోయినా, రోగం నడకను చూసి పెట్టిన వారోత్సవమంటే నా దృష్టిలో ఇదే.

పౌష్టికాహార వారోత్సవాలు 1982 నుంచి జరుగుతున్నాయి. 2024లో అవి మొదలైన సెప్టెంబరు 1నే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. పౌష్టికాహారం గురించి ఉపన్యాసాలు ఉండవలసిన వారంలో జనం మేడల మీద నిలబడి, డ్రోన్లు దించే పొట్లాల కోసం ఆకాశం వైపు చూశారు. పంచాంగం రాసినవారికి వరద ఎలా తెలుస్తుంది, వారి తప్పేమీ లేదు.

వారోత్సవాల్లో తప్పనిసరిగా వినబడే మాట ఆకుకూరలు తినండి, రక్తం పడుతుంది అని. గుంటూరులో గోంగూర గురించి ఇంకొకరు చెప్పనక్కర లేదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆకుకూరలు తినే ఇళ్లలోనూ ఇది ఉంది. ఆకులోనూ పప్పులోనూ ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది మామూలుగా పదో వంతు కూడా ఉండదు. ఆ కాస్త ఇనుమునూ టీలోని టానిన్లు పట్టేసుకుంటాయి. భోజనంతో పాటు టీ తాగితే ఒంటికి చేరే ఇనుము సగానికి పైగా తగ్గిపోతుంది. నిమ్మరసంలోని సి విటమిన్ దీనికి విరుగుడు, అది ఇనుమును పేగులు సులువుగా పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది. కాబట్టి పప్పులో చివరన నిమ్మకాయ పిండుకోవడం, టిఫినుకూ టీకీ మధ్య గంట ఎడం ఉంచడం పనికొచ్చే సలహాలు. ఇడ్లీ తిన్న ప్లేటు పక్కనే టీ గ్లాసు పెట్టే ఊళ్లలో రెండోది నడవడం కష్టమేననుకోండి.

నేత్రదాన పక్షోత్సవాలు నా లెక్కలో గట్టి వాటిలో ఒకటి, ఎందుకంటే అక్కడ గడియారం ఉంది. కంటి ముందున్న పారదర్శకమైన పొర కార్నియా. దానిలో రక్తనాళాలు ఉండవు. ప్రాణవాయువును ఎక్కువగా గాలి నుంచే, కన్నీటి తడి ద్వారా తీసుకుంటుంది. అందుకే గుండె ఆగాక కూడా కొన్ని గంటలు బాగుంటుంది, అందుకే ఇంకొకరికి అతికితే శరీరం తిరస్కరించడమూ తక్కువ. మొదటిసారి ఈ మార్పిడి విజయవంతంగా చేసింది 1905లో ఎడ్వర్డ్ జిర్మ్. మరణించిన ఆరు గంటల లోపు కార్నియా సేకరించాలి.

చావు జరిగిన ఇంట్లో ఆ ఆరు గంటలు ఎలా గడుస్తాయో అందరికీ తెలుసు. ఊళ్ల నుంచి రావలసినవారికి ఫోన్లు, ఫ్రీజర్ బాక్సు కోసం ఫోను, దండల కోసం ఒకరు పరుగు. ఏడ్చేవాళ్లకు ఉక్కపోస్తుందని నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ గాలికి కార్నియా ఎండిపోతుంది. కుటుంబం ఒప్పుకుంటే చేయవలసినవి చిన్న పనులు: ఫ్యాను ఆపడం, రెప్పలు మూసి తడి దూది పెట్టడం, తల కింద దిండు ఎత్తు చేయడం, నేత్రనిధికి ఫోను కొట్టడం. వాళ్లే ఇంటికొచ్చి ఇరవై నిమిషాల్లో పని ముగిస్తారు, ముఖం మారదు. బతికుండగా కార్డు మీద సంతకం చేయకపోయినా ఇంటివారి అనుమతి చాలు. కళ్లద్దాలు వాడినవారు, చక్కెర జబ్బు ఉన్నవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు కూడా ఇవ్వవచ్చు. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కాబట్టి ఇక్కడివారికి దూరం అడ్డు కాదు. అడ్డల్లా, ఆ సమయంలో ఆ మాట ఎత్తగల మనిషి ఇంట్లో ఒకరు లేకపోవడమే. పక్షోత్సవాల్లో వెయ్యి మంది చేత సంతకాలు పెట్టించడం కన్నా, వీధికి ఒకరికి ఈ మాట ఎలా ఎత్తాలో నేర్పడం ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

రేబిస్‌తో పోయినవారి కళ్లు మాత్రం తీసుకోరు. కార్నియా ద్వారా ఆ జబ్బు అంటిన ఉదంతం 1970ల చివర అమెరికాలో జరిగింది. నాడుల దారిన నడిచే వైరస్ అది. కుక్క కాటు వేసిన చోట కండలో కొన్నాళ్లు ఉండి, అక్కడి నాడి కొసలోకి దూరి, రోజుకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున మెదడు వైపు ప్రయాణిస్తుంది. రక్తంలో తిరగదు కాబట్టి ఒంటి రక్షణ వ్యవస్థ కంటబడదు. మెదడు చేరి లక్షణాలు కనబడ్డాక వైద్యం లేదు, మరణం దాదాపు ఖాయం. కానీ ఆ ప్రయాణానికి మామూలుగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. పాశ్చర్ 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రవాడిని కాపాడగలిగింది ఈ వ్యవధి వల్లనే. టీకా ముందు పరుగెత్తింది, వైరస్ వెనకబడింది. ముఖం మీదో మెడ మీదో కరిస్తే దారి చిన్నది, వ్యవధీ తక్కువ. పిల్లల విషయంలో ఎక్కువ తొందరపడవలసింది అందుకే.

ఈ పందెంలో మొదటి అడుగు పంపు దగ్గర పడాలి. వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విప్పేస్తుంది. ధారగా పడే నీళ్ల కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే చెప్పినంత సులువు కాదు. రెండో నిమిషానికే ఇక చాల్లే అనిపిస్తుంది, పిల్లవాడు చేయి లాక్కుంటాడు. ఎవరైనా పక్కన నిలబడి ఫోనులో సమయం చూడటం మంచిది. గాయానికి కారం పెట్టి కట్టడం, సున్నం రాయడం, పసరు పోయడం ఇప్పటికీ పోలేదు. గుంటూరు కారానికి ఎంత ఘాటున్నా ఈ వైరస్‌ను ఏమీ చేయదు. కండను పుండు చేసి, కడగవలసిన సమయాన్ని తినేస్తుంది.

పెద్దాసుపత్రికి వెళ్లడానికి జంకేవాళ్ల భయం వెనక ఒక పాత జ్ఞాపకం ఉంది: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. అబద్ధం కాదు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకా వాడకం మన దేశంలో 2004 వరకు సాగింది. ఇప్పటి టీకా భుజం దగ్గరే, చర్మంలోకి కొద్దిగా, మొదటి రోజు, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టీకా పని మొదలుపెట్టడానికి వారం పైనే పడుతుంది. అందుకే లోతైన కాటుకు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారుగా ఉన్న ప్రతిరక్షకాలు) కూడా ఎక్కిస్తారు, ఆ వారానికి కాపలాగా. కుక్కను పది రోజులు గమనించమని చెబుతారు, నిజమే. అయితే గమనిస్తూనే టీకా మొదలుపెట్టాలి, గమనించాక కాదు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని, అందులో మూడో వంతుకు పైగా భారతదేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సబ్బు, పంపు, ఉచిత టీకా అన్నీ ఉన్న దేశంలో!

మిగతా రోజుల గురించి ఎక్కువ చెప్పను. గుండె దినం నాడు నడకలు పెట్టేకన్నా రక్తపోటు యంత్రంతో బల్ల వేసుకుని కూర్చుంటే నయం. అధిక రక్తపోటుకు నొప్పి ఉండదు, కొలిస్తే తప్ప తెలియదు. సెప్టెంబరు చిన్నపిల్లల క్యాన్సర్ నెల కూడా, దానికి మన ఊళ్లలో పెద్దగా ఆర్భాటం ఉండదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ జబ్బు కొంతకాలమైనా మందుకు లొంగడం చూసింది అప్పుడే. ఒక్క బ్యానరు మీదైనా ఆయన బొమ్మ వేయవచ్చు.

అక్టోబరు రాగానే అంతా గులాబీ రంగు. రిబ్బన్లు, బెలూన్లు, మామోగ్రామ్ ప్యాకేజీ మీద తగ్గింపు. మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్-రే, మంచిదే, కానీ యంత్రం, దాన్ని చదివే నిపుణులు అన్ని ఊళ్లలో ఉండరు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ఇంకో దారి పరీక్షించారు. 35 నుంచి 64 ఏళ్ల మహిళలు సుమారు లక్షన్నర మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తల చేత రెండేళ్లకోసారి చేతులతోనే రొమ్ము పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్ల తర్వాత 2021లో వచ్చిన ఫలితం: పరీక్ష జరిగిన జట్టులో జబ్బు తొలి దశల్లోనే దొరికింది, 50 ఏళ్లు పైబడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో అంత తేడా తేలలేదు.

30 ఏళ్లు దాటినవారికి రొమ్ము, నోటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఇప్పటికే ఉంది. ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) దగ్గరో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడిగితే చెబుతారు. అక్టోబరు దాకా ఆగనక్కర లేదు, రిబ్బనూ అక్కర లేదు.